నా నవంబరులో వాళ్ళకేం పని?

సికింద్రాబాదులో పెన్షనర్లకు కొదవ లేదు. రైల్ నిలయంలో పని చేసి దిగినవాళ్ళు, కంటోన్మెంటులో కొలువు ముగించినవాళ్ళు, బ్యాంకు కౌంటర్ల వెనక జుట్టు నెరిసినవాళ్ళు పొద్దున్నే మారేడ్‌పల్లి, పద్మారావునగర్, తార్నాక వీధుల్లో నడుస్తూ కనిపిస్తారు. నవంబరు వచ్చిందంటే వాళ్ళలో చాలామందికి ఒకటే పని. తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక ఇంట్లో కూర్చునే ఆ పని చేసుకోవచ్చు. ఏ నెలలో, ఏ మాట అంటే పెద్దవాళ్ళ గుండె ఝల్లుమంటుందో తెలిసిన మోసగాళ్ళకు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నా కల్పనే. ఒకరు వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉండే రిటైరైన బ్యాంకు మేనేజరు. ఇంకొకరు ఆయన మేనకోడలు. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి మెయిల్ వ్యవస్థ నడిపే ఉద్యోగం ఆమెది. మనుషులు కల్పితమే గానీ, వాళ్ళు ఎత్తే తేదీలూ సంఘటనలూ నిజమైనవే.

మామయ్య: ఇదిగో, పన్నెండో తారీఖు చూడు. పొద్దున బీపీ డాక్టరు. అది నేను రాసుకున్నదే. సాయంత్రం ఉజ్జయిని మహంకాళి గుడికి, అదీ నేను రాసుకున్నదే. మధ్యలో మూడు గంటలకి ఇదేమిటి? ‘లైఫ్ సర్టిఫికెట్ ఆఖరి గడువు. పెన్షన్ నిలిపివేయబడును. కింది లింకు నొక్కండి.’ ఇది నేను రాయలేదు. మీ అత్తయ్య నా ఫోన్ ముట్టుకోదు. మరి రాసిందెవరు?

మేనకోడలు: ఎవడో ఇన్వైట్ పంపాడు మామయ్యా. మీరు నొక్కలేదు కదా?

మామయ్య: నొక్కలేదు.

మేనకోడలు: అయితే గొడవే లేదు. స్పామ్ అని రిపోర్టు కొట్టి తీసేద్దాం. ఇలా ఇవ్వండి.

మామయ్య: ఉండమ్మా, గొడవ అక్కడే ఉంది. నొక్కానా లేదా అన్నది తరవాతి మాట. వంటింట్లో వెంకట్రామా వాళ్ళ క్యాలెండర్ వేలాడుతోంది చూశావా? దాని మీద మీ అత్తయ్య పాలవాడు రాని రోజులకి సున్నాలు చుడుతుంది. దారిన పోయేవాడు లోపలికొచ్చి దాని మీద ‘పాలవాడికి వెయ్యి బాకీ’ అని రాసిపోతే మనం ‘చెరిపేస్తే సరి’ అని ఊరుకుంటామా? వాడు లోపలికెలా వచ్చాడని అడగమూ?

మేనకోడలు: వచ్చిన దారి చెబుతాను. వాడు మీకు మామూలు మెయిలే పంపాడు. దానికి చిన్న ఫైలు తగిలించాడు. తేదీ, టైము, ఎవరు పిలుస్తున్నారు, ఎందుకు అన్నవి అందులో ఉంటాయి. మీరు మెయిలు తెరవకపోయినా క్యాలెండరు ఆ ఫైలు చదివి దాన్ని తనలో వేసుకుంటుంది. ఆ తరవాత మెయిలు తీసేసినా క్యాలెండర్లో పడ్డది అక్కడే ఉంటుంది. ఆ టైముకి ముందు ఫోన్ మోగుతుంది కూడా.

మామయ్య: అంటే దొంగ మాటని నా ఫోనే నాకు గుర్తు చేస్తుందన్నమాట!

మేనకోడలు: మీరు అలా అంటే నిజంగానే దారుణంగా వినిపిస్తుంది. కానీ ఈ పద్ధతి పెట్టినవాళ్ళు దొంగలు కారు. 1998లో లోటస్ వాళ్ళు, మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూర్చుని, ఏ కంపెనీ క్యాలెండరైనా ఇంకో కంపెనీ క్యాలెండరుతో మాట్లాడగలగాలని ఒక ప్రమాణం రాశారు. ఐక్యాలెండర్ అంటారు దాన్ని. అది లేకపోతే నా ఆఫీసు మీటింగ్ సింగపూర్ వాడి కంప్యూటర్లో కనిపించేది కాదు. పిలిచేవాడు పరిచయస్తుడే అయి ఉండాలన్న షరతు పెట్టి ఉంటే సగం ప్రపంచం పని చేసేది కాదు.

మామయ్య: 1998లో మెయిలు ఐడీ ఉన్నవాళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అప్పటి మర్యాదలు ఇప్పుడు నడుస్తాయా?

మేనకోడలు: నడవాలి. అమీర్‌పేటలో కోర్సులు చేసే పిల్లల్ని ఒకసారి అడగండి. పది నెలలు అప్లికేషన్లు పెట్టి కూర్చుంటారు. ఒకరోజు పొద్దున ఫోన్ చూసుకుంటే, రేపు పదకొండింటికి ఇంటర్వ్యూ అని క్యాలెండర్లో ఉంటుంది. పంపినవాడు వాళ్ళ కాంటాక్టుల్లో ఉండడు. ఎలా ఉంటాడు? నా మొదటి ఉద్యోగం అలాగే వచ్చింది. తెలిసినవాళ్ళ పిలుపులే రావాలంటే తెలిసినవాళ్ళున్న వాళ్ళకే ఉద్యోగాలు. మీ కాలంలో సిఫారసు ఉత్తరాల గురించి మీరే తిట్టేవారు.

(ఇక్కడ మేనకోడలి మాటని తేలిగ్గా తీసిపారేయలేను. ఊళ్ళో పలుకుబడి లేని ఇంట్లోంచి వచ్చిన పిల్లకి ముక్కూ మొహం తెలియనివాడి ఇన్వైట్ ఎంత పెద్ద సంగతో, పెన్షన్ ఖాతాలో డబ్బులు జమ అయ్యే ఇంట్లో కూర్చుని లెక్క కట్టడం కష్టం.)

మామయ్య: బావుంది. వాడి పిలుపు రానీ, నేనేం వద్దనను. మెయిల్లో వస్తే చదువుకుంటా. నచ్చితే ‘సరే’ అంటా, అప్పుడు క్యాలెండర్లో పడనీ. అడగకుండానే పడడం దేనికి? ఆ సదుపాయం లేదా?

మేనకోడలు: ఉంది. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో మూడు ఉంటాయి. ఒకటి, ఎవరు పిలిచినా వేసుకో. రెండు, తెలిసినవాళ్ళయితేనే వేసుకో. మూడు, నేను మెయిల్లో జవాబిచ్చాకే వేసుకో. రెండోదాన్ని 2022లో తెచ్చారు. తెలిసినవాళ్ళంటే మీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్ళు, ఇదివరకు మీతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపినవాళ్ళు, మీ సంస్థలోవాళ్ళు.

మామయ్య: నా ఫోన్లో ఏది ఉంది?

మేనకోడలు: మొదటిది.

మామయ్య: నేను పెట్టానా?

మేనకోడలు: లేదు. మొదటినుంచీ అదే ఉంటుంది. ఎవరూ మార్చరు.

మామయ్య: మార్చరని వాళ్ళకీ తెలుసు కదా?

మేనకోడలు: తెలుసు మామయ్యా. అయినా మీరు మొత్తం కుట్రలా మాట్లాడుతున్నారు. మీకున్నది మూడు నిమిషాల పని. సెట్టింగ్ మార్చండి, తెలియని లింకు నొక్కకండి, అంతే. మోసపోయేవాళ్ళు క్యాలెండర్ వల్ల మోసపోవడం లేదు, తొందర వల్ల, భయం వల్ల మోసపోతున్నారు. డబ్బు ఎక్కువగా పోతున్నది ఎక్కడ? పోలీసుల వేషంలో వీడియో కాల్ చేసే డిజిటల్ అరెస్టుల్లో, వాట్సాప్ పెట్టుబడి గ్రూపుల్లో. ప్రధాని 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు, ఆగండి, ఆలోచించండి, తరవాతే చెయ్యండి అని. ఆ అలవాటు వస్తే క్యాలెండరైనా ఒకటే, ఫోనైనా ఒకటే.

మామయ్య: ఒకటి కాదు. ఫోన్ మోగితే అవతల ఇంకొకడున్నాడని నాకు తెలుసు. గొంతు వింటాను, అనుమానపడతాను. ఎస్సెమ్మెస్ వస్తే పైన వాడి పేరుంటుంది. ఇక్కడ అంతా నా చేతిరాతలా ఉంది. బీపీ డాక్టరు పక్కనే, అదే రంగులో, అదే అక్షరాల్లో. అరవై దాటినవాడికి ‘ఇది నేనే రాసుకుని మరిచిపోయానేమో’ అన్న అనుమానం తన మీదకే పోతుంది, దొంగ మీదకి పోదు. నువ్వు ఆగమంటున్నావు, ఆలోచించమంటున్నావు. ఎవడి గురించి ఆలోచించను? నా గురించా?

మేనకోడలు: ...ఆ మాట బావుంది. అది నాకు తట్టలేదు.

మామయ్య: ఈ సంగతి ఆ కంపెనీలకి కొత్తా?

మేనకోడలు: కొత్తేం కాదు. 2016 నవంబరులో ఆపిల్ ఐక్లౌడ్ క్యాలెండర్లలో చవక కళ్ళద్దాలు, చెప్పుల ప్రకటనలు కుప్పలుగా పడ్డాయి. అప్పట్లో విచిత్రమేమిటంటే, వద్దని ‘డిక్లైన్’ నొక్కితే ఆ కబురు పంపినవాడికే వెళ్ళేది. ఈ అడ్రసులో మనిషున్నాడని వాడికి రూఢి అయ్యేది. ఆపిల్ క్షమాపణ చెప్పి, డిసెంబరులో వెబ్‌సైట్లో ‘జంక్ అని రిపోర్టు చెయ్యి’ అన్న మీట పెట్టింది. 2017లో బ్లాక్ హిల్స్ అనే అమెరికన్ భద్రతా సంస్థ వాళ్ళు, గూగుల్ క్యాలెండర్లోకి ఎలా చొప్పించవచ్చో చేసి చూపించారు. 2019లో కాస్పర్‌స్కీ అనే భద్రతా సంస్థ ఇంకో మోసం బయటపెట్టింది. సర్వే నింపితే బహుమతి అని క్యాలెండర్లో లింకు, నొక్కితే కార్డు నంబరు అడగడం. ఆ ఏడాది గూగుల్ కూడా సమస్య ఉందని ఒప్పుకుంది.

మామయ్య: తెలిసినవాళ్ళయితేనే అన్న సెట్టింగ్ ఎప్పుడు తెచ్చారన్నావు?

మేనకోడలు: 2022.

మామయ్య: తెచ్చాక కూడా మొదటిదే ఉంచారు!

మేనకోడలు: 2024 డిసెంబరులో చెక్‌పాయింట్ అనే సంస్థ మళ్ళీ చెప్పింది. నాలుగు వారాల్లో నాలుగు వేలకు పైగా మెయిళ్ళు, గూగుల్ క్యాలెండర్ నుంచి వచ్చినట్టే ఉన్నవి. గూగుల్ సలహా కూడా ఆ ‘తెలిసినవాళ్ళు’ సెట్టింగే పెట్టుకోమని.

మామయ్య: అంటే రోగం వాళ్ళకి తెలుసు, మందు వాళ్ళ దగ్గరే ఉంది, మింగాల్సింది మాత్రం నేను వెతుక్కుని. అదీ మన ఊళ్ళోనే ఇంత పెద్ద ఆఫీసు పెట్టి! పేపర్లో చదివాను, భద్రత కోసం ప్రత్యేకంగా ఓ కేంద్రం కూడా తెరిచారట.

మేనకోడలు: అవును, 2025 జూన్‌లో. సేఫ్టీ ఇంజనీరింగ్ సెంటర్. డబ్లిన్, మ్యూనిక్, మాలగా తరవాత నాలుగోది మన హైదరాబాదులోనే. వాళ్ళు నిజంగా పని చేస్తున్నారు మామయ్యా, ఆ మనుషుల్ని తిట్టకండి. వడపోత మెరుగవుతోంది. కానీ ఒక చిక్కుంది. 2025లోనే ఆపిల్‌తో ఇంకోటి జరిగింది. దొంగలు ఐక్లౌడ్‌లో మామూలు ఖాతాతో ఇన్వైట్ తయారుచేసి, వివరాలు రాసే చోట ‘మీ పేపాల్ ఖాతా నుంచి 599 డాలర్లు తీసుకున్నాం, కాదనుకుంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి’ అని రాశారు. దాన్ని పంపింది నిజంగా ఆపిల్ సర్వరే. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మేం చూసే పరీక్షలు మూడూ పాసయ్యాయి. పంపిన యంత్రం అసలుదే, రాసిన మాటే దొంగది. దీన్ని ఏ వడపోత పట్టుకుంటుంది? అందుకే అంటున్నాను, చివరికి మనిషే చూసుకోవాలని.

మామయ్య: నేను దానికి తలకిందులుగా అంటాను. అంత పెద్ద కంపెనీ యంత్రమే పట్టుకోలేనిదాన్ని నన్ను పట్టుకోమంటావా? రాత్రి మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండని మనిషిని?

మేనకోడలు: సరే, ఎవరు భరించాలంటారు?

మామయ్య: ఇక్కడికొచ్చావా, ఇది నా సబ్జెక్టు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఓ సర్క్యులర్ ఇచ్చింది. కస్టమరుకి తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే ఎవరి బాధ్యత ఎంత అన్నది. బ్యాంకు తప్పయితే కస్టమరు రూపాయి కూడా భరించక్కర్లేదు. తప్పు బ్యాంకుదీ కాక, కస్టమరుదీ కాక, వ్యవస్థలో ఇంకెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాడికి కూడా అంతే. అదే ఓటీపీయో పాస్‌వర్డో కస్టమరే చేతులారా ఇచ్చేస్తే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా అతని నెత్తినే. ఇప్పుడు నువ్వు చెప్పు. ఈ లింకు నొక్కి నేను పెన్షన్ ఖాతా వివరాలిచ్చాననుకో, ఏ గడిలో పడతాను?

మేనకోడలు: మూడో గడి. మీరే ఇచ్చారు కదా.

మామయ్య: కాగితం మీద అంతే. బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ నేనూ అలాగే రాసేవాణ్ణి, ‘కస్టమరు నిర్లక్ష్యం’ అని. కానీ ఆ లింకుని నా సొంత గడియారం పక్కన తెచ్చి నిలబెట్టి, టైముకి గంట కొట్టి మరీ చూపించినవాడు ఏ గడిలోనూ లేడే! అతని పేరు ఆ సర్క్యులర్లో ఎక్కడా రాదు.

మేనకోడలు: అది చెల్లింపుల వ్యవస్థకి రాసిన సర్క్యులర్. క్యాలెండర్ కంపెనీ అందులో ఎందుకొస్తుంది? ఐటీ చట్టంలో 79వ సెక్షన్ ఉంది, ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తిని బాధ్యుణ్ణి చెయ్యకూడదని, కొన్ని షరతులతో. ఆ రక్షణ లేకపోతే చిన్న కంపెనీ ఒక్కటీ మెయిలు నడపలేదు. నేరం చేసినవాడి మీద 66డీ ఉంది, వేషం మార్చి కంప్యూటర్‌తో మోసం చేస్తే మూడేళ్ళ దాకా జైలు.

మామయ్య: వాడు దొరికితే కదా జైలు. సింగపూర్ వాళ్ళేం చేశారో తెలుసా? 2024 డిసెంబరునుంచి ఫిషింగ్ నష్టాల్లో బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు తమ వంతు పనులు చెయ్యకపోతే వాళ్ళే కట్టాలి. బ్రిటన్‌లో అంతకు రెండు నెలల ముందే, మోసగాడి మాట నమ్మి కస్టమరే స్వయంగా పంపిన డబ్బుని కూడా చాలావరకు బ్యాంకులు తిరిగివ్వాలన్నారు, పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం.

మేనకోడలు: మీరు చెప్పిన రెండింట్లోనూ క్యాలెండర్ కంపెనీలు లేవు.

మామయ్య: లేవు. ఆస్ట్రేలియావాళ్ళు 2025లో చేసిన చట్టంలో డిజిటల్ ప్లాట్‌ఫారాల్ని కూడా కలిపే దారి పెట్టారు. ఒకరు మొదలుపెట్టారు కదా.

(మామయ్య బ్యాంకు బుద్ధి ఇక్కడ బయటపడుతోంది. ప్రతి నష్టానికీ ఎదుటి పద్దు ఉండి తీరాలంటాడు. అయినా ఈ వాదంలో నేను ఆయన వైపే ఉన్నాను. ఒక సెట్టింగు కోట్లమందికి ఎలా ఉండాలో ఎంచుకున్నవాడు ఏమీ ఎంచుకోలేదన్నట్టు పక్కకి తప్పుకోవడం నాకు మింగుడుపడదు.)

మేనకోడలు: నేనూ ఒకటి చెప్పేస్తాను, మీ వాదానికే బలం అవుతుందని తెలిసీ. 2025 ఆగస్టులో లాస్ వేగాస్‌లో బ్లాక్ హ్యాట్ సభలో ఇజ్రాయెల్ పరిశోధకులు ఒకటి చూపించారు. క్యాలెండర్ ఇన్వైట్‌లో గూగుల్ ఏఐ సహాయకుడు జెమినైకి ఆదేశాలు దాచిపెట్టారు. ఫోన్ సొంతదారు ‘ఈ వారం నాకేమున్నాయి?’ అని జెమినైని అడుగుతాడు. అది క్యాలెండర్ చదువుతుంది, దాంతో ఆ ఆదేశాలూ చదువుతుంది. ఆయన ‘థాంక్స్’ అనగానే ఇంట్లో లైట్లు ఆరిపోతాయి, కిటికీ తలుపులు తెరుచుకుంటాయి. గూగుల్‌కి ముందే చెప్పారు, వాళ్ళు సరిచేశారు. కానీ ఇందులో మనిషి ఏ లింకూ నొక్కలేదు.

మామయ్య: మర్యాదగా థాంక్స్ అన్నాడంతే.

మేనకోడలు: అంతే.

మామయ్య: అయితే నీ ‘ఆగండి, ఆలోచించండి’ ఎక్కడికి పోయింది?

మేనకోడలు: అక్కడ పని చెయ్యదు, ఒప్పుకుంటున్నాను. కానీ పెన్షన్ లింకు దగ్గర పని చేస్తుంది. మీ వీధిలో రేపు పొద్దున పార్కుకొచ్చే వాళ్ళకి చట్టం మారేదాకా ఆగమని చెబుతారా? వాళ్ళకి చెప్పాల్సింది వేరే. ఆ ఎంట్రీలో ‘అవును’, ‘కాదు’ ఏదీ నొక్కొద్దు, స్పామ్ అని రిపోర్టు కొట్టి తీసెయ్యండి. ఐఫోన్‌లో ‘వైరస్ వచ్చింది’ అని రోజూ మోగుతుంటే అది ఇన్వైట్ కాకపోవచ్చు, ఏదో వెబ్‌సైట్లో తెలియక సబ్‌స్క్రైబ్ అయిన క్యాలెండర్. దాన్నే అన్‌సబ్‌స్క్రైబ్ చెయ్యాలి, ఒక్కొక్కటీ చెరిపితే తరగదు. లైఫ్ సర్టిఫికెట్ బ్యాంకుకి వెళ్ళో, జీవన్ ప్రమాణ్ యాప్ మీరే తెరిచో ఇవ్వండి, ఎవరో పంపిన లింకులోంచి వద్దు. డబ్బు పోయిందా, ఏడుస్తూ కూర్చోకుండా అప్పటికప్పుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. డబ్బు ఖాతాలు మారేలోపు ఆపగలిగితేనే ఏమైనా మిగులుతుంది. తరవాత మూడు పనిదినాల గడువు మీకు తెలిసిందే.

మామయ్య: ఇది బావుంది, పార్కులో చెబుతా. మొదటి సెట్టింగ్ మార్చమని కూడా చెబుతా. నువ్వు నాకు మూడోది పెట్టు.

మేనకోడలు: రెండోది పెడతాను. మూడోది పెడితే అత్తయ్య పంపినవి కూడా మీరు మెయిల్ తెరిచి ఒప్పుకుంటే గానీ పడవు.

మామయ్య: మీ అత్తయ్యవి కూడా నేను ఒప్పుకున్నాకే పడనీ. మూడోదే పెట్టు.

మేనకోడలు: పెట్టాను. ఆసుపత్రి వాళ్ళ అపాయింట్‌మెంట్ తప్పిపోతే నన్ను అనకండి.

మామయ్య: అనను. ఒకటి అడుగుతా. మీ ఆఫీసులో అందరికీ ఈ సెట్టింగ్ పెట్టేది నువ్వే కదా?

మేనకోడలు: నేనే.

మామయ్య: అక్కడ ఏది పెట్టావు?

మేనకోడలు: ...మొదటిది.

మామయ్య: అదేమిటే!

మేనకోడలు: పోయినేడాది రెండోది పెట్టాను మామయ్యా. సేల్స్ వాళ్ళు గోల పెట్టారు. కొత్త క్లయింట్ల మీటింగులు కనిపించడం లేదన్నారు. నియామకాల వాళ్ళూ వాళ్ళతో కలిశారు. పైనుంచి ఫోన్ వచ్చింది, మొదటిదానికే తిప్పేశాను. గూగుల్‌లో కూడా ఇలాంటి గోలే అయి ఉంటుందని నా అనుమానం.

మామయ్య: మరి నువ్వు ఏ గడిలో పడతావు?

మేనకోడలు: తెలియదు. సోమవారం మళ్ళీ అడుగుతాను. అందరినీ కూర్చోబెట్టి, సేల్స్‌కి ఒకటి, మిగతావాళ్ళకి ఇంకొకటి పెట్టవచ్చేమో మాట్లాడాలి.

మామయ్య: మాట్లాడు. ఆ మీటింగుకి పిలిచేదెవరు?

మేనకోడలు: సేల్స్ వాళ్ళే. వాళ్ళ ఇన్వైట్ అప్పుడే నా క్యాలెండర్లో పడి ఉంది.